జాలీలోంచి వచ్చిన వరద: విజయనగరంలో ఒక ఇంటి క్లెయిమ్

జనరల్ ఇన్సూరెన్స్ ఏజెంటుగా పద్దెనిమిదేళ్ల నుంచి పనిచేస్తున్నాను. ఇళ్ల క్లెయిములు నా చేతి మీదుగా తక్కువే నడిచాయి. మన వైపు ఇంటికి పాలసీ తీసుకునేవాళ్లే తక్కువ. నడిచిన ఆ కొన్నింటిలో ఈ ఒక్కటి రాయాలనిపించింది. ఎందుకంటే క్లెయిమ్ తిరస్కరణకు దారి తీసిన మొదటి మాట రాసింది నేనే. దాన్ని సరిదిద్దడానికి దాదాపు ఐదు నెలలు పట్టింది.

ఇంటివారి పేరు, పేట, సంవత్సరం, కంపెనీ ఏవీ చెప్పడం లేదు. రూపాయల లెక్కలు కొద్దిగా మార్చాను. కొలతలు మాత్రం మార్చలేదు, కేసంతా వాటి మీదే నిలబడింది.

ఇల్లు, పాలసీ

విజయనగరంలో పాత పేటల్లో ఒక ఇల్లు. కింద రిటైరైన మాస్టారు, ఆయన భార్య ఉంటారు. పైన అద్దెకున్నవాళ్లు. ఇల్లు కట్టినప్పుడు రోడ్డు కంటే రెండు మెట్లు ఎత్తులో ఉండేదట. తర్వాత రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. ఇప్పుడు హాలు గచ్చు కంటే రోడ్డే ఐదు అంగుళాలు ఎత్తు. వానకి వీధి నీరు లోపలికి రాకుండా మాస్టారు గేటు దగ్గర పది అంగుళాల గట్టు కట్టించుకున్నారు. ఈ గట్టు సంగతి గుర్తుంచుకోండి, కేసు మలుపు తిరిగింది ఇక్కడే.

బాత్రూం నీరు, వంటింటి నీరు, సెప్టిక్ ట్యాంకు నుంచి పొర్లే నీరు అన్నీ ఒకే పైపులో గేటు కింద నుంచి వీధి కాలువలోకి పోతాయి. పైవాటా నీరు కూడా అందులోకే. మన ఊళ్లలో చాలా ఇళ్లకు ఇదే ఏర్పాటు.

2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటాక, ఇళ్ల పాలసీల గురించి అడిగినవాళ్లలో మాస్టారు ఒకరు. అప్పటికి భారత్ గృహ రక్ష వచ్చి కొన్ని నెలలే అయింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు ఈ ప్రామాణిక పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్ణయించింది. ఏ కంపెనీలో తీసుకున్నా ముఖ్యమైన షరతులు ఒకటే. మాస్టారు కట్టడానికి 18 లక్షలకు తీసుకున్నారు. సామాను విలువ విడిగా చెప్పలేదు. కట్టడానికి పాలసీ ఉంటే అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, సామానుకు దానంతటదే రక్షణ ఉంటుంది. అంటే ఆయనకు 3 లక్షల 60 వేలు. ఈ మాట పాలసీ ఇచ్చిన రోజున నేను చెప్పాను, ఆయన మర్చిపోయారు. తీరా అవసరం వచ్చిన రోజున నాకూ వెంటనే తట్టలేదు.

ఆ రాత్రి

దసరా వెళ్లింది. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఇంటికి సున్నాలు, రంగులు వేయించుకుని ఉన్నారు. పండగ కోసం వచ్చిన కూతురు, అల్లుడు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. అల్లుడు ఇంగ్లండులో ఉద్యోగం. తుపాను వాన సాయంత్రం మొదలైంది. రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో బాత్రూంలో గుడగుడమని శబ్దం వస్తే అమ్మగారు లేచి చూశారు. నీళ్లు పోయే జాలీలోంచి నల్లటి నీరు పైకి ఉబుకుతోంది. మూడు గంటలకల్లా హాల్లో మంచం కోళ్లు మునిగాయి. కరెంటు లేదు. పరుపులు, బియ్యం బస్తా మేడ మీదకు చేరవేయడానికి నలుగురూ తంటాలు పడ్డారు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, చెక్క బీరువా, అడుగు అరలో పుస్తకాలు నీళ్లలోనే ఉండిపోయాయి.

తెల్లారి ఏడున్నరకు మాస్టారు ఫోన్ చేశారు. ఆయన కంగారులో ఉన్నారు. వెంటనే అల్లుడు ఫోన్ తీసుకుని, వాళ్ల దేశంలో డ్రైన్ పూడిపోతే హోమ్ ఎమర్జెన్సీ కవర్ అని ఒకటి ఉంటుందని, మనిషిని పంపి బాగు చేయిస్తారని చెప్పాడు. “అంకుల్, ఇది డ్రైన్ బ్లాకేజ్. అలాగే పెట్టండి” అన్నాడు. అక్కడి సంగతి అతను సరిగ్గానే చెప్పాడు. బ్రిటన్‌లో ఆ కవర్‌ని చాలావరకు ఇంటి పాలసీతో పాటు విడిగా కొనుక్కుంటారు. మన భారత్ గృహ రక్షలో అలాంటిది లేదు. నేను ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే అక్కడే ఆపేవాడిని. ఆ పొద్దున్నే నాకు తొమ్మిది ఫోన్లు వచ్చి ఉన్నాయి. కంపెనీకి పంపిన మెసేజ్‌లో “డ్రైన్ బ్లాక్ అయి మురుగు నీరు ఇంట్లోకి వచ్చింది” అని రాశాను.

తిరస్కరణ

నష్టం ఎంతో, ఎలా జరిగిందో చూడటానికి కంపెనీ పంపే సర్వేయర్ మూడో రోజు వచ్చారు. అప్పటికి ఇల్లు కడిగేశారు. బ్లీచింగ్ చల్లారు. ప్లంబర్ వచ్చి వెళ్లాడు, 2,000 రూపాయల బిల్లు మీద “డ్రైన్ క్లీనింగ్” అని రాసిచ్చాడు. తడిసిన పరుపులు మునిసిపల్ బండిలో వెళ్లిపోయాయి. ముందు తలుపుకి నీటి మరక లేదు, వాకిట్లో బురద లేదు. సర్వేయర్ గారిని నేను తప్పు పట్టను. ఆయన ముందున్నవి మూడు: నా మెసేజ్, ప్లంబర్ బిల్లు, పొడిగా ఉన్న గుమ్మం. మూడూ ఒకే మాట చెబుతున్నాయి.

మొదటి క్లెయిమ్ 3 లక్షల 10 వేలు. సామానుకు 1,38,000. తలుపులు, గోడల పూత, వైరింగ్, రంగులకు 62,000. సెప్టిక్ ట్యాంకుకు 24,000, దాని పైబిళ్ల జరిగి ఒక పక్క ఇటుక గోడ లోపలికి ఒరిగింది. కుంగిన వంటింటి గచ్చు, కొత్త పైపు లైనుకు 84,000. ఆపైన ప్లంబర్ బిల్లు. ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది. నిర్వహణ లోపం వల్ల ఇంటి డ్రైన్ పూడిపోయిందని, పాలసీలో చెప్పిన ప్రమాదం ఏదీ జరగలేదని, కాబట్టి చెల్లించలేమని అందులో ఉంది.

ఫలించని రెండు ప్రయత్నాలు

మొదట నేను రాసిన ఉత్తరంలో పెద్దవాళ్లు, పెన్షన్ మీద బతికేవాళ్లు, ఏనాడూ క్లెయిమ్ అడగనివాళ్లు అని ఉంది. అన్నీ నిజాలే. ఒక్కటీ నష్టం ఎలా జరిగిందో చెప్పదు. పాత ఉత్తరంలో మాటలే మళ్లీ జవాబుగా వచ్చాయి.

రెండోసారి పాలసీ ముందేసుకుని కూర్చున్నాను. రక్షణ ఇచ్చే ప్రమాదాల్లో అగ్ని, పిడుగు, భూకంపం, తుపాను, వరద, ముంపు వగైరాలతో పాటు, నీటి ట్యాంకులు, పరికరాలు, పైపులు పగలడం లేదా పొంగడం అని ఒకటి ఉంది. పైపు పొంగింది కదా, ఇదే మన దారి అనుకున్నాను. అలాగే రాశాను. పొంగింది ఇంటి నీటి పైపు కాదని, మురుగు పైపు పూడిపోవడం వల్ల జరిగిందని, పూడిక తీయించుకోవాల్సింది ఇంటివారేనని జవాబు.

ఆ జవాబు న్యాయమా కాదా అని వాదించుకుంటూ పోవచ్చు. కానీ ఆ జవాబు వచ్చిన రాత్రి రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి అర్థమైంది. పైపు అన్నంతసేపు మనం ఇంటి లోపలే ఉంటున్నాం. ఇంటి లోపల ఉన్నంతసేపు “ఎందుకు శుభ్రం చేయించలేదు” అన్న ప్రశ్న తప్పదు. అసలు ఆ పైపు పూడిందని ఎవరు చూశారు? అల్లుడు అనుకున్నాడు, నేను రాశాను, ప్లంబర్ బిల్లులో అలవాటు కొద్దీ వేశాడు. చూసినవాళ్లు ఎవరూ లేరు.

నీరు ఎటు నుంచి వచ్చింది

మర్నాడు ముందు ప్లంబర్‌ని పట్టుకున్నాను. పైపులో ఏం దొరికిందని అడిగాను. “అడ్డేటీ నేదు బాబూ. నేను కడ్డీ ఎట్టేసరికే నీరు దిగిపోనాది. పిలిచారు గదాని ఓపాలి ఆడించి ఒచ్చేసినాను” అన్నాడు. అతను వచ్చింది సాయంత్రం నాలుగింటికి.

తర్వాత పైవాటావాళ్లను అడిగాను. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి పిల్లలకు స్నానాలు చేయించారట, బట్టలు ఉతికారట. ఆ నీరంతా అదే పైపులోంచి ఇబ్బంది లేకుండా పోయింది. పైపు పూడి ఉంటే ఆ నీళ్లు కింద బాత్రూంలో తేలాలి. తేలలేదు. ప్లంబర్ రాకముందే పైపు బాగానే ఉందన్నమాట.

మరి హాల్లో నీరు ఎప్పుడు దిగింది? అమ్మగారికి బాగా గుర్తుంది. వీధిలో నీరు తీసింది తొమ్మిదింటికి, ఇంట్లో నీరు ఎవరూ ముట్టుకోకుండానే అదే జాలీలోంచి వెనక్కి పోయి పదింటికల్లా గచ్చు తేలింది. అడ్డు ఇంటి పైపులో ఉంటే, వీధి తేరుకున్నా ఇంట్లో నీరు నిలిచే ఉండాలి. వీధితో పాటు పెరిగి, వీధితో పాటు తగ్గిందంటే అది వీధి నీరే.

గేటు గట్టు చేసిన పని అప్పుడు అర్థమైంది. రోడ్డు మీద నుంచి రావలసిన నీటిని గట్టు ఆపింది. అదే నీరు కాలువలో నిండి, పైపులో వెనక్కి తిరిగి, ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న జాలీలోంచి లేచింది. గుమ్మం పొడిగా ఉండడం వరద రాలేదనడానికి రుజువు కాదు. అది వేరే దారిన వచ్చింది, అంతే.

ఇది నాకు తెలిస్తే చాలదు, కాగితం మీద కనబడాలి. ఒక తాపీ మేస్త్రీని తీసుకెళ్లాను. మేస్త్రీలు లెవెల్ చూసుకునే నీళ్ల ట్యూబు ఉంటుంది కదా, పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టం. ఒక కొస బాత్రూం గోడకు ఆనించి, రెండో కొస గేటు దాటించి వీధిలోకి లాగాడు. బుడగలు పోయేదాకా గొట్టాన్ని వేలితో తట్టాడు. రెండు వైపులా నీరు కాస్త ఊగి, నిలిచింది. జాలీ పైభాగాన్ని సున్నా అనుకుంటే హాలు గచ్చు 2 అంగుళాలు, రోడ్డు 7 అంగుళాలు, గేటు గట్టు 17 అంగుళాలు ఎత్తు వచ్చాయి. ఎదురింటి ప్రహరీకి సున్నం వేయలేదు, ఆ రాత్రి నీటి మరక ఇంకా గీత గీసినట్టు ఉంది. అది 11 అంగుళాలు. హాల్లో గోడలు కడిగేశారు గానీ, బీరువా వెనక గోడ ఎవరూ కడగలేదు. అది జరిపి చూస్తే అక్కడ మరక ఉంది. గచ్చు నుంచి ఎనిమిదిన్నర, అంటే జాలీ నుంచి పదిన్నర. వీధి మరకకూ ఇంట్లో మరకకూ తేడా అర అంగుళం.

మేస్త్రీ గొట్టం చేతిలో పట్టుకునే ఉన్నాడు. నీరు వీధిలో ఎంత ఉంటే ఇంట్లో అంతే ఉందని ఆ గొట్టమే చూపిస్తోంది. ఆ ఫొటో ఉత్తరంతో జతచేశాను. నేను రాసిన రెండు పేజీల కంటే అదే ఎక్కువ చెప్పిందని నా నమ్మకం.

మాస్టారు ఇంకొకటి తెచ్చి చూపించారు. ఫ్రిజ్ అడుగున మోటారు దగ్గర ఇరుక్కున్న చెత్త: ఇసుక, థర్మోకోల్ ముక్క, ఒక పాన్ మసాలా కవరు. ఆ ఇంట్లో ఎవరూ పాన్ మసాలా తినరు. అది వాళ్ల బాత్రూంలోంచి పుట్టిన చెత్త కాదు. ఫ్రిజ్ పారేయకపోవడం మా అదృష్టం.

దీనికి తోడు వార్డు సచివాలయంలో అడిగి, ఆ రాత్రి ఆ వీధి ముంపుకు గురైందని రాయించుకున్నాం. మండలం వర్షపాతం లెక్క తీసుకున్నాం. పక్కింటి కుర్రాడు తెల్లవారుజామున తీసిన వీడియోలో వీధి, టైము రెండూ ఉన్నాయి. ప్లంబర్ తన మాట తానే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు, బిల్లు మీద అలా ఎందుకు వేశాడో కూడా రాశాడు.

వంటింటి గచ్చు

ఇక్కడ మాస్టారికీ నాకూ కాస్త ఇబ్బందైంది. వంటింటి గచ్చు ఒక మూల మూడు అంగుళాలు కుంగింది. ఆయన దృష్టిలో అది కూడా ఆ రాత్రి నష్టమే. నేను ఆ మూల కూర్చుని చుట్టూ టైల్స్ మీద వేలితో కొట్టి చూశాను. కుంగని చోట కూడా కింద డొల్లగా మోగుతోంది. గోడకు రెండడుగుల ఎత్తున ఉప్పు తేలిన చార ఉంది, దాని మీద రెండు మూడు పూతల రంగు ఉంది. వరద నీరు ఎనిమిదిన్నర అంగుళాలు దాటలేదు. అంటే ఈ చెమ్మ పాతది. సింకు కింద తూము కీలు దగ్గర ఏళ్ల తరబడి కారి, కింద మట్టి కొట్టుకుపోయింది. కిందటి సంవత్సరం పండగ ఫొటోలో కూడా ఆ మూల గ్యాస్ బండ ఒరిగే కనిపిస్తోంది.

నేల కుంగడం పాలసీలో ఉన్న ప్రమాదమే. అయితే పని నాణ్యత లోపం, పోసిన మట్టి సర్దుకోవడం లాంటి వాటి వల్ల కుంగితే మినహాయింపు ఉంది. కొద్దికొద్దిగా ఏళ్లపాటు కారిన నీరు ఒక రోజు జరిగిన ప్రమాదం కాదు.

“ఆ 84 వేలూ, ప్లంబర్ బిల్లూ మనమే వదిలేద్దాం మాస్టారూ” అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “అంటే నేను అబద్ధం రాశాననా బాబూ?” అని అడిగారు. మీరు అబద్ధం రాయలేదు, రెండు నీళ్లను ఒకటిగా కలిపేశాం, అందులో నా తప్పూ ఉంది అన్నాను. వదలకపోతే ఏమవుతుందో కూడా చెప్పాను. కంపెనీ ఆ గచ్చు దగ్గర మొదలుపెట్టి, పాత లీకేజీ అని తేల్చి, అదే కళ్లతో మిగతా అన్నీ చూస్తుంది. అమ్మగారే తేల్చారు: “వాళ్లది కానిది వాళ్లనెందుకు అడగడం” అని.

కొత్త అర్జీ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి పంపాను. మొదటి పేరాలోనే, “డ్రైన్ బ్లాక్” అని మొదట తెలిపింది నేనని, పరీక్షించకుండా రాశానని ఒప్పుకున్నాను. తర్వాత తుపాను వాన, వీధి ముంపు, వెనక్కి తన్నిన నీరు, వరుసగా టైములతో. ముంపు నీరు ఏ దారిన లోపలికి రావాలో పాలసీలో ఎక్కడా లేదని, అలా ఉంటే ఆ షరతు చూపించమని అడిగాను. సెప్టిక్ ట్యాంకులు ఇంటి కట్టడం నిర్వచనంలోనే ఉన్నాయని ఆ వాక్యం ఎత్తి రాశాను. మేం వదులుకుంటున్నవి ఏవో, ఎందుకో చివర్లో పెట్టాను.

నెలలోపు తేలకపోతే, బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి, హైదరాబాద్ వెళ్లడానికి ఫైలు సిద్ధం చేసుకున్నాను. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి ఉండాలి, తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి, ఫీజు ఉండదు. ఆ అవసరం రాలేదు.

వచ్చింది ఎంత

అదే సర్వేయర్ గారు మళ్లీ వచ్చారు. బీరువా వెనక మరక దగ్గర వంగి టేపు పెట్టి ఆయనే కొలుచుకున్నారు. ఎదురింటి గోడ దగ్గరా కొలుచుకున్నారు. మొదటి రిపోర్టులో “సామానుకు పాలసీ లేదు” అని ఉంది. 20 శాతం సంగతి చూపిస్తే సరిచేశారు.

అడిగిన 2 లక్షల 24 వేలలో 1,81,500 వచ్చింది. సామానులో 28,500 పోయింది. అందులో ఎక్కువ ఫొటో కూడా తీయకుండా బండికి ఎత్తేసిన పరుపులవీ, బట్టలవీ. రంగుల్లో పదివేలు తగ్గించారు, నీరు తాకని పై గోడలకు కూడా మేం లెక్క వేశాం. అది న్యాయమే. సెప్టిక్ ట్యాంకుకు 20,000 ఇచ్చారు. బురద, చెత్త ఎత్తించిన కూలి నేను అడగనే లేదు. శిథిలాల తొలగింపు కింద క్లెయిమ్‌లో 2 శాతం వరకు ఇచ్చే వీలు పాలసీలో ఉంది. చిన్న మొత్తమే అయినా వాళ్ల డబ్బు, నా మరుపు వల్ల పోయింది.

ఆ తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఇంట్లో నీరు అని ఎవరు ఫోన్ చేసినా కారణం నేను రాయను, వాళ్లనూ రాయనివ్వను. “ఫలానా రాత్రి వానకి ఇంట్లోకి నీరు వచ్చింది, నష్టం జరిగింది, సర్వేయర్‌ని పంపండి” అని మాత్రమే పంపుతాను. అది నిజం, అంతకు మించి ఆ గంటలో ఎవరికీ తెలియదు. ఆలస్యం చేయకుండా తెలియజేయడం ఎంత అవసరమో, తెలియనిది చేర్చకపోవడం అంత అవసరం.

తర్వాత అడిగేది నీరు ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, ఆ టైముకి వీధిలో ఎంత ఉంది అని. ఇంట్లో, బయట గోడ మీద నీరున్న చోట పెన్సిలుతో గీత పెట్టమంటాను, పక్కన టైము రాయమంటాను. కడగకుండా ఉండమని చెప్పలేం, ఆ మురుగులో ఎవరుంటారు? ఒక్క మూల మాత్రం వదలమంటాను. పారేసేవి పారేసే ముందు ఒక్కొక్కటీ ఫొటో తీయమంటాను. ప్లంబర్ వస్తే అతను చూసిందేమిటో అదే బిల్లు మీద రాయించమంటాను.

పాలసీ ఇచ్చే రోజున కూడా ఒక పని పెరిగింది. జాలీ, రోడ్డు, గుమ్మం, ఈ మూడింటిలో ఏది పల్లమో అడుగుతున్నాను. రోడ్డు పెరిగిన ఇళ్లకు గట్టు ఒక్కటే కడితే నీరు పైపు వెతుక్కుంటుందని ముందే చెబుతున్నాను. బయటి నీరు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకోమంటాను. దానికి పాలసీ డబ్బు ఇవ్వదు.

మాస్టారు గేటు లోపల చిన్న ఛాంబర్ కట్టించి వాల్వ్ పెట్టించారు. వంటింటి గచ్చు పెన్షన్ డబ్బుతో బాగు చేయించుకున్నారు. కిందటి వానాకాలానికి ముందు నేను వెళ్లి, ఆయనతో కలిసి ఛాంబర్ మూత ఎత్తి చూశాను. వాల్వ్ రెక్కకు ఒక పాల ప్యాకెట్ అడ్డం పడి, సగం తెరుచుకునే ఉంది. కర్రతో లాగి తీసేశాం.